కుండలే కదా, వాటి కోసం నల్లగొండ నుంచి హైదరాబాద్ పోవాలా?

ఒక పేరున్న స్టూడియో కుమ్మరి, అంటే కుండల్ని కళగా చేసే కళాకారుడు, జీవితకాలం చేసిన పనంతా హైదరాబాద్ గ్యాలరీలో పెడుతున్నారట, వంద కిలోమీటర్లు బస్సులో పోయి చూసేంత ఏముంటుంది అని అడిగారు. పోండి, తప్పకుండా పోండి. మాది హాలియా దగ్గర ఊరు, నేను కుమ్మరి ఇంట్లో పుట్టినదాన్ని, చూసొచ్చిన అనుభవంతోనే చెప్తున్నా.

2010లో నేను ఢిల్లీలో ఉద్యోగం చేసేటప్పుడు లలిత కళా అకాడమీలో అలాంటి స్టూడియో కుమ్మరే అయిన దేవీప్రసాద్ గారి ప్రదర్శన జరిగింది. శాంతినికేతన్‌లో చదువుకుని, 1944లో సేవాగ్రామ్ చేరి చేతిపనితో చదువు చెప్పే గాంధీగారి నయీ తాలీమ్ బడిలో పిల్లలకు కళలు నేర్పిన మనిషి, 1962లో లండన్ వెళ్లి యుద్ధాలు వద్దనే సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. అప్పుడు మా నాయిన నా దగ్గరే ఉన్నాడు, ఆయన్నీ తీసుకుపోయా. పెళ్లిళ్లకు ఐరేని కుండలు, ఇంట్లో పూజకు కూరాడు కుండ, బోనం కుండలు, ఎండాకాలం రంజన్లు, అదే ఆయన బతుకంతా.

నేనేమో రంగులు చూస్తున్నా. నాయిన ఒక గిన్నె ముందు వంగి పావుగంట కదల్లేదు. "అడుగు చూడు బిడ్డా, పైన నిగనిగలు ఎవరైనా తెస్తరు, చెయ్యి ఎంత కుదురుగున్నదో అడుగుల తెలుస్తది" అన్నాడు. నిజమే, గ్లేజు, అంటే గాజులాంటి పూత, అడుగు దాకా పూయరు, పూస్తే కాలేటప్పుడు కరిగి బట్టీలో కిందున్న పలకకు అతుక్కుపోతుంది, అందుకే అక్కడ ఉత్త మట్టి, సారె మీంచి తీసినప్పటి గీతలు, వేలి జాడలు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. మీరూ ముందు అక్కడే చూడండి.

"ఈ కుండలల్ల నీళ్లు సల్లగుంటయా?" అని కూడా అడిగాడు. ఉండవు. మన కుండ ఏడెనిమిది వందల డిగ్రీల్లో కాలుతుంది, సన్న రంధ్రాలు మిగులుతాయి, నీళ్లు చెమర్చి గాలికి ఆరుతుంటే లోపల చల్లబడతాయి. స్టూడియోల్లో చేసే స్టోన్‌వేర్ పన్నెండు వందలు దాటాక మట్టి దాదాపు రాయిలా బిగుసుకుపోతుంది, చుక్క కూడా బయటికి రాదు. రెండూ మట్టే, పనులు వేరు, ఒకటి గొప్ప ఒకటి తక్కువ అని నేను ఒప్పుకోను.

నా మనసులో ఇప్పటికీ ఉన్నది మాత్రం పేరు కార్డు సంగతి. ప్రతి కుండ పక్కనా దేవీప్రసాద్ గారి పేరు, చేసిన కాలం రాసి ఉన్నాయి. నాయిన వాటిని ఒక్కొక్కటే నాతో చదివించుకున్నాడు. మా ఇంట్లో అమ్మ మట్టి జల్లించి, తొక్కి, ఎర్రమన్ను పూసేది, నాయిన సారె తిప్పేవాడు, ఏ కుండ మీదా ఎవరి పేరూ లేదు. ఆ గౌరవం మన ఊరి కుమ్మరులకూ రావాలని గట్టిగా కోరుకుంటా.

ఇంకొకటి, గ్యాలరీలో ముట్టుకోనివ్వరు, వేలితో తట్టి మోత వినే వీలుండదు. అందుకే ముందురోజు మీ దగ్గర్లో కుమ్మరి ఇంటికి పోయి నాలుగు కుండలు తట్టి చూడండి, బాగా కాలినది ఖంగుమంటుంది, పగులున్నది బొంగురుగా పలుకుతుంది. ఆ మోత చెవిలో ఉండగానే బస్సెక్కండి.