రేకుల ఫ్యాక్టరీ మానేసి పన్నెండేళ్లయింది, నాన్నకు పరిహారం వస్తుందా?

మీరు అడిగింది ఇది: నాన్నగారు విజయవాడ దగ్గర సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు పనిచేశారు, మానేసి పన్నెండేళ్లయింది, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అమెరికాలో ఆస్బెస్టాస్ (ఆ రేకుల్లో కలిపే నారలాంటి ఖనిజం) బాధితులకు కోట్లు ఇస్తారట, మాకూ వస్తాయా అని.

ముందు అమెరికా ఆశ వదిలేయండి. అక్కడ జాన్స్ మాన్‌విల్ అనే ఆస్బెస్టాస్ కంపెనీ దావాలు తట్టుకోలేక 1982లో దివాలా పిటిషన్ వేసింది. మీరు విన్న డబ్బు ఇచ్చేవి అలాంటి కంపెనీల సొమ్ముతో పెట్టిన ట్రస్టులు. ఆ కంపెనీల సరుకు వల్ల జబ్బుపడినవారికే ఇస్తాయి. మనకున్నవి 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 1948 నాటి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టం. 2025 నవంబరు 21 నుంచి ఈ రెండూ సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. వృత్తి వ్యాధుల, అంటే చేసే పని వల్ల వచ్చే జబ్బుల, జాబితా అందులోనూ ఉంది.

నేను గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాను, వకీలును కాను. మా మామయ్య కేసు కాగితాలు మోసి నేర్చుకున్నదే చెబుతున్నాను. ఆయన పొరుగు రాష్ట్రంలో ఒక కర్మాగారంలో, కాంట్రాక్టరు కింద, ఆవిరి గొట్టాలకు ఆస్బెస్టాస్ తొడుగు వేసేవాడు. పాత తొడుగు పగలగొట్టాలి, కొత్తది కట్టాలి. పద్దెనిమిదేళ్లు అదే పని. పగలగొట్టినప్పుడు లేచే తెల్లటి నలుసు కనురెప్పల మీద పిండిలా పేరుకునేదట. మూతికి తువ్వాలు తప్ప మరేమీ లేదు. 2014లో దగ్గు ముదిరి పని మానేసి మా ఇంటికొచ్చాడు. యార్డు పక్కనే ఇల్లు కాబట్టి మిర్చి ఘాటు అనుకున్నాం. తర్వాత టీబీ అన్నారు. కఫంలో క్రిమి కనబడకపోయినా ఎనిమిది నెలలు మందులు మింగించారు. చివరికి ఒక ఊపిరితిత్తుల డాక్టరు సీటీ స్కాన్ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "ఏం పని చేసేవాడివి?" అని అడిగాడు. అన్ని ఆసుపత్రులు తిరిగినా ఆ మాట అడిగింది ఆయనొక్కడే. ఆస్బెస్టోసిస్ అని రాశాడు, అంటే ఆస్బెస్టాస్ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. ఎన్నేళ్లు, ఏ పని చేశాడో కూడా చీటీ మీద రాయించుకున్నాను. కేసు మొత్తం ఆ చీటీ మీదే నడిచింది.

ఇక ఎవరికి వస్తుందంటే, జీతమో కూలో తీసుకుని ఆ దుమ్ములో పనిచేసి, ఆస్బెస్టోసిస్ గానీ, ఆస్బెస్టాస్ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ గానీ, మీసోథీలియోమా (ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్) గానీ వచ్చినవారికి. పర్మనెంట్ కానక్కర్లేదు. కాంట్రాక్టు కూలీ అయితే అసలు యజమానిని కూడా అడగవచ్చు. మేము అడిగాం. ఈఎస్ఐ కార్డు ఉన్నవారు మాత్రం అక్కడికే వెళ్లాలి, రెండు చోట్లా తీసుకోవడం కుదరదు. మనిషి పోతే భార్యాపిల్లలు అడగవచ్చు. రేకుల ఇంట్లో కాపురమున్నామని అడిగితే ఈ చట్టాల కింద రాదు. విజయవాడ ఎండల్లో రేకుల కింద ఉడికిపోయిన నాకే ఆ న్యాయం నచ్చదనుకోండి. అంతకన్నా అన్యాయం మా అత్తయ్యది. పద్దెనిమిదేళ్లు ఆయన బట్టలు దులిపి ఉతికింది. రేపు ఆమెకు ఇదే జబ్బు వచ్చినా, ఉద్యోగి కాదు గనుక ఈ చట్టంలో ఆమెకు చోటు లేదు.

మీకున్న పెద్ద చిక్కు గడువు. పాత చట్టంలో దరఖాస్తుకు రెండేళ్లు. పని మానేశాక రెండేళ్లలోపు లక్షణాలు బయటపడితే, అవి మొదట కనబడిన రోజు నుంచి లెక్క. ఈ జబ్బేమో పది, ఇరవై ఏళ్లు నిద్రపోయి లేస్తుంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఈ పరిహారం కేసులు విచారించే కమిషనరుకు ఉంది. మాకు కొన్ని నెలల ఆలస్యమైతే, టీబీ మందుల చీటీలు చూపించి బయటపడ్డాం. మీ పన్నెండేళ్ల మీద కంపెనీ గట్టిగా వాదిస్తుంది, అది దాచను. అయితే 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి మీ వైపు ఉంది. ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచాలని ఆదేశించింది. నాన్నగారు చేరి ఇరవై ఏడేళ్లే కదా. ఆయన ఎక్స్‌రేలు ఇంకా వాళ్ల దగ్గర ఉండాలి. రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. లేవని రాసిచ్చినా ఆ కాగితం మీకు పనికొస్తుంది. ఆ కేసులోనే, అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఆస్బెస్టోసిస్ ఉందని నిర్ధారించిన కార్మికులకు లక్ష రూపాయల చొప్పున ఇమ్మంది కోర్టు.

దరఖాస్తు మీరుండే చోట వేసుకోవచ్చు. మా ప్రతివాదులు పొరుగు రాష్ట్రం నుంచి గుంటూరుకు రైలెక్కి వచ్చారు. మామయ్య బీడీలు తాగేవాడని వాదించారు. బీడీతో క్యాన్సర్ రావచ్చు గానీ ఆస్బెస్టోసిస్ రాదని డాక్టరు చెప్పాక ఆ మాట మానేశారు. అసలు మా దగ్గర పనే చేయలేదన్నారు. అప్పుడు అత్తయ్య ట్రంకుపెట్టెలో పెళ్లి చీర మడతలోంచి గేటు పాసు తీసింది. గుండుసూది తుప్పు మరకతో, ఫొటోలో సగం ముఖం చెరిగిపోయి ఉంది. సెక్యూరిటీ ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు.

డబ్బు లెక్క: పాత చట్టంలో 2020 జనవరి నుంచి నెల జీతం గరిష్ఠంగా 15,000 రూపాయలుగా తీసుకునేవారు. 50 ఏళ్ల మనిషి చనిపోతే అందులో సగాన్ని, ఆ వయసుకు చట్టం ఇచ్చిన సంఖ్య 153.09తో హెచ్చించేవారు, అంటే 11,48,175 రూపాయలు. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఆలస్యం చేస్తే 12 శాతం వడ్డీ. మామయ్య ఉత్తర్వు రాకముందే పోయాడు. సొమ్ము అత్తయ్యకు కమిషనరు ద్వారా అందింది. మధ్యలో కాంట్రాక్టరు మనిషి కొంత నగదు తెచ్చి తెల్ల కాగితం మీద సంతకం అడిగాడు. చట్టం కింద వచ్చే హక్కును అలా రాయించుకుంటే చెల్లదు, మీరు మాత్రం సంతకం పెట్టకండి.

నాన్నగారికి ఆయాసం మొదలైంది ఎప్పుడు? మానేసిన తొలి రెండేళ్లలో దగ్గుకు ఎక్కడైనా చూపించుకుని ఉంటే ఆ చీటీ వెతకండి. పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు ఉన్నాయో లేదో కూడా చెప్పండి.