ఏబీవీపీ భారతీయ జనతా పార్టీ యువజన విభాగమేనా? యువమోర్చా చరిత్ర ఏమిటి?

కాదండి. ఆ పార్టీ యువజన విభాగం భారతీయ జనతా యువమోర్చా. ఏబీవీపీ, భాజపాకు పూర్వరూపమైన జనసంఘ్ పార్టీ కంటే ముందే, 1949లో, ఆరెస్సెస్ ప్రేరణతో ఏర్పడిన విద్యార్థి సంఘం. 2000 దశకం ఆరంభంలో నేను నల్గొండ జిల్లాలో మోర్చా మండల శాఖలో పనిచేసినప్పుడు మా కార్యవర్గంలో చాలామంది కాలేజీలో ఏబీవీపీ జెండా మోసినవారే అయినా, మాకు ఆదేశాలు వచ్చేది మాత్రం పార్టీ జిల్లా కమిటీ నుంచే.

మోర్చా పుట్టుకను 1978గా రాసేవారున్నారు. 1977లో జనతా పార్టీలో కలిసిపోయిన జనసంఘ్ వారు ద్వంద్వ సభ్యత్వ వివాదం (జనతా పార్టీలో ఉంటూ ఆరెస్సెస్‌లోనూ కొనసాగవచ్చా అన్న గొడవ) తరువాత బయటికి వచ్చి 1980 ఏప్రిల్ 6న భాజపాను స్థాపించారు కనుక, పార్టీ విభాగంగా దాని చరిత్రను అక్కడి నుంచి చెప్పుకోవడమే సబబని నా అభిప్రాయం. తొలి జాతీయాధ్యక్షుడిగా కల్‌రాజ్ మిశ్రా పేరు చెబుతారు. ఆ తరువాత ఆ పదవిలో కూర్చున్న ప్రమోద్ మహాజన్, రాజ్‌నాథ్ సింగ్, జె.పి. నడ్డా, ఉమాభారతి, శివరాజ్ సింగ్ చౌహాన్ పార్టీలోనో ప్రభుత్వాల్లోనో ఎంత ఎత్తుకు వెళ్లారో అందరికీ తెలుసు.

2002లో జి. కిషన్ రెడ్డి జాతీయాధ్యక్షుడైనప్పుడు, తెలుగువాడికి ఆ పదవి దక్కిందని మా మండలంలో మిఠాయిలు పంచాం. అయితే పార్టీకి పెద్దగా బలం లేని మా ప్రాంతంలో మోర్చా అంటే సభ్యత్వ రసీదు పుస్తకాలు పట్టుకుని ఊరూరా తిరగడం, రాత్రిపూట గోడకు సున్నం కొట్టి, అది ఆరేదాకా కూర్చుని, రేకు అచ్చు అదిమిపెట్టి కమలం గుర్తు వేయడం. ఓట్లు రాని చోట ఇరవై ఏళ్ల కుర్రవాళ్లను నిలబెట్టింది ఆ పనేనని నేను గట్టిగా నమ్ముతాను. మోర్చా చరిత్ర రాసేవారు మాత్రం 2011లో అనురాగ్ ఠాకూర్ కోల్‌కతా నుంచి శ్రీనగర్ లాల్ చౌక్ వైపు నడిపిన ఏకతా యాత్ర వంటివే ఎక్కువగా చెబుతారు.

ఒక లోటు కూడా చెప్పాలి. జాతీయాధ్యక్షులైన మహిళలు ఉమాభారతి, పూనమ్ మహాజన్ మాత్రమే. మా మండల కార్యవర్గంలో ఒక్క అమ్మాయి కూడా ఉండేది కాదు. ఎవరైనా ముందుకు వస్తే మహిళా మోర్చాలో చేరమని పంపేసేవారు.