ఉప్పునీళ్ళలో గోడ ఉండదు

విశాఖపట్నం,
ఆదివారం

అమ్మడూ,

నిన్న రాత్రి పదింటికి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మేనకోడలు సముద్రంలో ఈదుతుందట, నువ్వే చెప్పుకో దానికి" అని, నేనేదో నిన్ను ఎగదోసినట్టు! గోవా ట్రయాథ్లాన్‌కి నువ్వు డబ్బు కట్టేశావన్న సంగతి నాకూ అప్పుడే తెలిసింది. 1.9 కిలోమీటర్ల ఈత, ఆ తడి బట్టలతోనే 90 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. ఫోన్ పెట్టేసి వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. ఇరవై రెండేళ్ళొచ్చేదాకా బకెట్లో తప్ప నీళ్ళు చూడని పిల్ల! తరవాత పక్కమీద చేరితే తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. అందుకే ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పెడతావు, నాకు తెలుసు.

చిన్నవి ముందు చెప్పేస్తాను. పోటీ రోజున కొత్త గాగుల్స్ పెట్టకు. ముందురోజే లోపల బేబీ షాంపూ చుక్క రాసి కడిగెయ్యి, మసక పట్టవు. మెడ వెనకా చంకల్లోనూ వేజ్‌లైన్ దట్టంగా పుయ్యి, ఉప్పునీళ్ళలో బట్ట ఒరుసుకుంటే తోలు లేచిపోతుంది. వెట్‌సూట్, అదే ఒంటికి అతుక్కునే ఆ రబ్బరు సూటు, కొనకు. గోవా నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, వేసుకోనివ్వరు. జెల్లీఫిష్ అంటుకుంటే ఇసకతో రుద్దకు, మంచినీళ్ళు పొయ్యకు. సముద్రపు నీళ్ళతోనే కడుక్కుని డాక్టర్ల టెంటుకి పో.

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. బారలు బాగా పడుతున్నాయి. కానీ అది 25 మీటర్ల కొలను. 1.9 కిలోమీటర్లంటే అందులో 76 పొడవులు, అంటే 75 సార్లు గోడని తన్నుతున్నావు. తన్నినప్పుడల్లా నాలుగైదు మీటర్లు ఉత్తినే జారిపోతున్నావు, పైగా గోడ దగ్గర ఒక ఊపిరి ఎక్కువ తీసుకుంటున్నావు. అడుగున నల్లగీత దారి చూపిస్తోంది. అక్కడ గోడా ఉండదు, గీతా ఉండదు. రేపటి నుంచి గోడ ముట్టుకోకుండా రెండు బారల ముందే వెనక్కి తిరుగు. పక్క వరసలో ఎవరూ లేనప్పుడు కళ్ళు మూసుకుని పది బారలు వేసి చూడు, ఎటు వంకర పోతున్నావో తెలుస్తుంది. నేను ఎడమకి పోతాను, ఇప్పటికీ. ఇంకోటి, ఆరు బారలకోసారి తల ఎత్తడం అలవాటు చేసుకో. మొత్తం ఎత్తకు, కాళ్ళు మునిగిపోతాయి. మొసలిలా కళ్ళు పైకొస్తే చాలు.

తల ఎత్తి ఏం చూడాలన్నదే అసలు సంగతి. ఈ ముక్క చెప్పాలంటే మీ ఇంట్లో ఎప్పుడూ చెప్పనిది చెప్పాలి.

1986 మార్చి. డ్రిల్ టీచరుగా కొత్తగా ఉద్యోగంలో చేరాను. యూనివర్సిటీ పోటీల్లో ఫ్రీస్టైల్లో రెండో స్థానం వచ్చిందని కాస్త పొగరు కూడా ఉండేది. ఋషికొండలో అప్పుడు ఇన్ని హోటళ్ళు లేవు, సరుగుడు చెట్లే. మీ నాన్నకి పదో తరగతి పరీక్షలు నెత్తిమీదున్నాయి, అయినా నా వెంట పడి వచ్చాడు. లోపల ఒక పడవ కనిపించింది, వల వేసుకుని కూర్చున్నారు. మూడొందల మీటర్లు ఉంటుందనుకున్నాను. "ఆ పడవ చుట్టి వచ్చేస్తాను" అని చెప్పులూ వాచీ వాడి చేతిలో పెట్టి దిగిపోయాను.

తల ఎత్తినప్పుడల్లా పడవ ఎదురుగానే ఉంది. సరిగ్గానే పోతున్నాననుకున్నాను. ఉప్పునీళ్ళలో ఒళ్ళు తేలిగ్గా తేలుతుంది కదా, అలుపు కూడా తెలియలేదు. చాలాసేపటికి అనుమానం వచ్చింది, ఎంత ఈదినా పడవ దగ్గరికి రాదేమిటని. వెనక్కి తిరిగితే ఋషికొండ ఉండాల్సిన చోట లేదు. ఎక్కడో ఎడమవైపు, అంగుష్ఠమంత. పడవ లంగరు వెయ్యలేదే! వలతోపాటు అదీ నీటి వాలున కొట్టుకుపోతోంది, దాన్ని గుర్తు పెట్టుకున్న నేనూ పోతున్నాను.

అప్పుడు పుట్టింది భయం. ఊపిరి గొంతు దాటి లోపలికి దిగలేదు. రెండు గుక్కలు ఉప్పునీళ్ళు మింగాను. వంద గజాల్లో ఒక తెప్ప, దానిమీద ఇద్దరు. అందులో పెద్దాయన నన్ను చూశాడు, నేనూ చూశాను. చెయ్యి ఎత్తితే సరిపోయేది.

ఎత్తలేదు. మెడల్ వచ్చిన పిల్ల మునగబోయిందట అని ఊరంతా అనుకుంటారని సిగ్గు. బళ్ళో పిల్లలకి రోజూ చెప్పేదాన్ని, తెలిస్తే చెయ్యెత్తండి, తెలియకపోతే ఇంకా పైకెత్తండి అని. నా చెయ్యి మాత్రం లేవలేదు. నవ్వు మొహం పెట్టి, ఇంకో పది నిమిషాలు నీటికి ఎదురీదాను. పిక్కలు పట్టేశాయి.

ఆయనే తెప్ప తిప్పుకుని వచ్చాడు. "ఏటమ్మా, ఆటా? ములిగిపోతన్నావా?" అన్నాడు. రెక్క పట్టుకుని పైకి లాగాడు. దారిలో చెప్పాడు, మాఘం దాటితే నీరు భీమిలేపు నడుస్తాదట, దసరా ఎల్లాక కాకినాడేపు. బీయస్సీ చదివాను, ఈ ఒక్క ముక్క తెలియదు.

మీ నాన్న ఒడ్డు వెంబడి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. నా చెప్పులు గుండెకి హత్తుకుని ఉన్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది, పెదాలు కదులుతున్నాయి తప్ప మాట రావడం లేదు. ఇంట్లో నేను చెప్పలేదు, వాడూ చెప్పలేదు. నిన్ను ఆర్కే బీచికి తీసుకెళ్ళినప్పుడల్లా మోకాలు తడవనిచ్చేవాడు కాదు చూడు, నువ్వు పిరికివాడని వాడితో తగవు పెట్టుకునేదానివి. ఆ తగవు నాతో పెట్టుకోవాల్సింది తల్లీ.

కాబట్టి గుర్తు ఎప్పుడూ నేలమీద పెట్టుకో, కదలనిది, ఎత్తుగా ఉన్నది. మీ ఈత జరిగే మీరమార్ బీచిలో బోయలు, అంటే నీళ్ళమీద తేలే గుర్తుబుడగలు, ఉంటాయి గానీ అలల మధ్య మాటిమాటికీ కనబడవు. బోయ వెనకాల ఏముందో ముందురోజే చూసుకో, అవతల అగ్వాడ కోట ఉన్న గుట్ట లాంటిది. తిరిగొచ్చేటప్పుడు ఏ మేడ వైపు రావాలో కూడా. మాండవి నది సముద్రంలో కలిసేది అక్కడే, ఆటుపోట్లకి నీరు అటూ ఇటూ నడుస్తుంది. మట్టినీళ్ళలో నీ చెయ్యి నీకే సరిగ్గా కనబడకపోవచ్చు. అది చూసి టెన్షన్ పడకు.

మొదట్లో గుంపులో దూరకు, వెనకాల ఓ పక్కకి నిలబడు. కాళ్ళు తగులుతాయి, ఎవరో మీద పడతారు, ఊపిరి బిగుసుకుంటుంది. అందరికీ అవుతుంది. వెల్లకిలా తిరిగి ఇరవై లెక్కపెట్టు. గాలి పీల్చడం గురించి ఆలోచించకు, వదలడం చూసుకో. అప్పటికీ కాకపోతే చెయ్యి ఎత్తు. కయాక్, అంటే తెడ్డేసుకుని తిరిగే చిన్న పడవ, వస్తుంది, పట్టుకుని ఆగొచ్చు. దాంతో ముందుకి లాగించుకోనంత వరకూ నిన్ను పోటీలోంచి తియ్యరు, రూల్సులోనే ఉంది. ఈతకిచ్చేది గంటా పది నిమిషాలు, అందులో రెండు నిమిషాలు పోతే పోనీ. కొలనులో కూడా చెయ్యెత్తడం ప్రాక్టీస్ చెయ్యి. నవ్వకు, నిజంగా చెబుతున్నాను.

ఆ లోపల రెండు ఆదివారాలు ఇక్కడికి రా. ఋషికొండలో లైఫ్‌గార్డులున్న చోట, ఈదేవాళ్ళ గుంపుతో, నడుముకి ఆ ఆరెంజ్ బుడగ కట్టుకుని దిగుదువుగాని. కెరటం విరగని చోటు చూసి ప్రశాంతంగా ఉందని మురిసిపోకు, నీరు లోపలికి లాగేది చాలాసార్లు అక్కడే. లాగితే ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకి ఈదు. నాకు చెప్పకుండా ఒంటరిగా దిగావని తెలిసిందో, కాళ్ళు విరగ్గొడతాను. వచ్చినప్పుడు చేపల పులుసు చేస్తాను, ఈత ముందు కాదు, తరవాత.

1959లో ఆరతీ సాహా ఇంగ్లీష్ ఛానెల్ మొదటిసారి దాటలేకపోయింది, అదే ఏడు సెప్టెంబరు 29న దాటింది. మన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని 2021లో పాక్ జలసంధి ఈదేసింది. ఇవి నీకు కాదు, మీ నాన్నకి చెప్పడానికి సిద్ధం చేసి పెట్టుకున్నాను.

వాస్కో వెళ్ళే రైలుకి రెండు టికెట్లు తీశాను, నాకూ వాడికీ. వాడికి ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఆ పొద్దున నీళ్ళలో దిగేముందు నీ చెప్పులు ఏ సంచిలోనో పడెయ్యకు, వాడి చేతికియ్యి.

మీ అత్త