పొట్టిగా ఉన్నవాళ్ళు పాత మోటోక్రాస్ బండి (ఎగుడుదిగుడు మట్టి ట్రాక్ మీద రేసులకి వాడేది) ఎత్తు ఎలా తగ్గించుకోవాలి? పొట్టి షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) వేస్తే సరిపోతుందా?

సరిపోదు. మీ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు అని రాశారు, నేను మీకంటే ఒక అంగుళం తక్కువే. పాత రెండు షాక్‌ల బండికి వెనుక పొట్టి షాక్‌లు బిగిస్తే పని అయిపోతుందా అని మీరు అడిగిన ఆ పనే నేను చేశాను, దెబ్బ తిన్నాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాది 1979 సుజుకి ఆర్‌ఎం 250, అంటే 250 సీసీ బండి. తెచ్చుకున్న రోజు సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళూ గాల్లోనే ఉన్నాయి. ఒక పక్కకి బాగా జరిగితే బూటు కొస నేలకి తగిలేది, అంతే. చదునుగా ఉన్నచోట ఎలాగో నెట్టుకొచ్చాను కానీ ఏటవాలులో ఇంజన్ ఆగిపోతే కాలు ఆనించడానికి నేల అందేది కాదు, బండితో పాటు పక్కకి పడిపోవడమే. పడినప్పుడల్లా క్లచ్ లివరో బ్రేక్ లివరో వంగేది. విసిగిపోయి ఉన్న సమయంలో వేరే బండివి, 30 మి.మీ. పొట్టివి, ఒక జత షాక్‌లు దొరికాయి. అమ్మినతను కూడా ఏం పర్లేదు, నేరుగా కూర్చుంటాయి అన్నాడు. బోల్టులు సరిపోయాయి కదా అని బిగించేశాను.

బండి నిజంగానే కిందికి వచ్చింది. షాక్ దగ్గర 30 తగ్గితే చక్రం దగ్గర 60 పైనే తగ్గుతుంది, ఎందుకంటే షాక్ స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చట్రం) మధ్యలో ఉంటుంది, చక్రం దాని చివర ఉంటుంది. పాదం ముందు భాగం నేల మీద ఆనేసరికి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మూడు రౌండ్లు నెమ్మదిగా తిరిగాను. మలుపుల్లో ముందు చక్రం బయటికి జారుతున్నట్టు అనిపించింది, కొత్త కదా అలవాటవుతుందిలే అనుకున్నాను. అది అలవాటు సంగతి కాదు, వెనుక ఒక్కటే దించితే ముందు ఫోర్కులు మరీ ఏటవాలుగా అయిపోయి బండి తిరగడానికి మొరాయిస్తుంది. నాలుగో రౌండులో, ఎప్పుడూ దూకే దిబ్బ మీంచి ఎప్పటి వేగంతోనే దూకాను. చక్రాలు నేలకి తాకీ తాకగానే వెనుక నుంచి బర్రుమని చప్పుడు, రబ్బరు మాడిన వాసన. టైరు పైకి వెళ్ళి మడ్‌గార్డు అడుగున ఆనింది, అక్కడున్న బోల్టు తల టైరు గుబ్బల్ని చెక్కేసింది, చక్రం ఒక్క క్షణం పట్టేసి బండి అడ్డం తిరిగింది. నేను హ్యాండిల్ మీంచి ముందుకి పడ్డాను. ఎడమ చేతి మణికట్టుకి ఆరు వారాలు కట్టు.

ఇంటికి వచ్చి షాక్‌లు విప్పి కొలిస్తే విషయం తెలిసింది. షాక్ పొడవు తగ్గింది గానీ లోపల రాడ్డు నడిచే దూరం తగ్గలేదు. అంటే చక్రం ఇదివరకటి కంటే 60 మి.మీ. పైనుంచి బయలుదేరి, ఇదివరకటంత దూరమూ పైకే వెళ్తుంది. వెళ్ళడానికి అక్కడ చోటు లేదు. కాబట్టి మీరు ఏ షాక్ వేసినా సరే, ముందు స్ప్రింగులు తీసేసి షాక్‌లు మాత్రం బిగించి, చక్రాన్ని చేత్తో పూర్తిగా పైకి ఎత్తి చూడండి. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు పట్టే సందు ఉండాలి. ముందు వైపు కూడా అంతే, టైరు సైలెన్సర్ పైపుకి గానీ ఫోర్కుల్ని పట్టి ఉంచే కింది క్లాంపుకి గానీ తగలకూడదు. అరగంట పని. ఆ అరగంట నేను పెట్టలేదు.

ఇప్పుడు అసలు మాట. షాక్ కంటే ముందు స్ప్రింగు చూడండి. ఈ బండ్లకి కంపెనీ వేసిన స్ప్రింగులు 75, 80 కిలోల మనిషిని మనసులో పెట్టుకుని వేసినవే అని నా గట్టి నమ్మకం. నా బరువు 54 కిలోలు. హెల్మెట్, బూట్లు, ప్యాడ్లు అన్నీ వేసుకుని కూర్చుంటే బండి వెనుక 60 మి.మీ. మాత్రమే దిగింది. చక్రం కదిలే మొత్తం దూరంలో దాదాపు మూడో వంతు దిగాలి, అంటే నా బండికి 90. నా బరువుకి తగ్గ మెత్తటి స్ప్రింగులు వేయించాక సరిగ్గా అంతే దిగింది. అంటే ఏదీ కోయకుండా, ఏదీ చెడగొట్టకుండా 30 మి.మీ. తగ్గింది, పైగా గతుకుల్లో బండి నన్ను ఎగరేసి కొట్టడం మానేసింది. పొట్టివాళ్ళలో చాలామంది తేలికగా కూడా ఉంటారు. అయినా ఎవరిని అడిగినా సీటు కొయ్యి, ఫ్రేమ్ కొయ్యి అంటారు గానీ నీ బరువెంత అని ఒక్కరూ అడగరు!

ఇంకో మాట విని విని చెవులు చిల్లులు పడ్డాయి: "నీకెందుకు 250, 125 కొనుక్కో." ఇది చెప్పేవాళ్ళు రెండు బండ్లూ పక్కపక్కన పెట్టి చూడలేదు. పెద్దవాళ్ళు తొక్కే 125 సీటు ఎత్తు 250కి ఇంచుమించు సమానం. బరువు తక్కువ, నిజమే, కానీ నేల అందకపోవడం రెండిటిలోనూ ఒకటే.

మీ బండి ఏ సంవత్సరందో రాయలేదు, అది ముఖ్యం. 1970ల మొదట్లో వెనుక చక్రం నాలుగు అంగుళాలు కదిలితే గొప్ప. 1973లో స్వీడన్ రేసర్ హాకన్ ఆండర్సన్ ఒకే షాక్ ఉన్న యమహా మీద 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాక అందరూ చక్రం ఇంకా ఎక్కువ కదలాలని బండ్ల ఎత్తు పెంచుతూ పోయారు, ఆ దశాబ్దం చివరికి ఆ కదలిక పది, పన్నెండు అంగుళాలు అయింది. అమెరికాలో పాత బండ్ల రేసులు నడిపే ఏహెచ్‌ఆర్‌ఎంఏ అనే సంఘం వాళ్ళ వింటేజ్ మోటోక్రాస్ క్లాసుల్లో ఇప్పటికీ చక్రం కదలిక ముందు 7, వెనుక 4 అంగుళాలే గరిష్ఠం. మీది 1973 హోండా ఎల్సినోర్ లాంటిదైతే సీటు స్పంజీ కాస్త తగ్గిస్తే సరిపోతుంది, కింద స్పంజీ సంగతి తప్ప మిగతాది చదవక్కర్లేదు. 1978 తర్వాతిదైతే చదవండి.

స్పంజీ కోసేటప్పుడు మధ్యలో గొయ్యి పెట్టకండి. మలుపులో ట్యాంకు దాకా ముందుకి జరగాలి, గొయ్యి ఉంటే అక్కడే ఇరుక్కుపోతారు. మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం తీయాలి. నేను 25 మి.మీ. తీశాను. పాత స్పంజీ ఎలాగూ పొడి రాలుతూ ఉంటుంది కాబట్టి కొత్త గట్టి స్పంజీ వేసి దాన్నే చెక్కించండి, లేకపోతే సీటు అడుగు పలక తగులుతుంది.

ఇంకా తగ్గాలంటే అప్పుడు షాక్ లోపల రాడ్డు మీద స్పేసర్ (చిన్న గొట్టం ముక్క) వేయించాలి. బయట పొడవూ, లోపల రాడ్డు నడిచే దూరమూ రెండూ కలిసి తగ్గుతాయి, టైరు పోయి దేనికీ తగలదు. నాకు 10 మి.మీ. స్పేసర్ వేస్తే చక్రం దగ్గర 20 పైచిలుకు తగ్గింది. గ్యాస్ షాక్ అయితే ఇంట్లో విప్పకండి, లోపల నైట్రోజన్ ప్రెషర్ ఉంటుంది, సస్పెన్షన్ పని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి. ముందు ఫోర్కుల్లో డ్యాంపర్ రాడ్డు (ఫోర్కు కదలికని అదుపు చేసే లోపలి కడ్డీ) తల కింద 20 మి.మీ. గొట్టం ముక్క వేసి, పైన స్ప్రింగు మీద ఉండే స్పేసర్‌లో అంతే పొడవు కోసేశాను. అది కోయకపోతే స్ప్రింగు ముందే బిగుసుకుపోయి ఫోర్కు రాయిలా ఉంటుంది. ఫోర్కులు క్లాంపులో పైకి జరపడం తేలికే గానీ నేను 10 మి.మీ. దాటను, దాటితే స్పీడులో హ్యాండిల్ ఊగుతుంది. ఇవన్నీ అయ్యాక చైన్ వదులు మళ్ళీ చూసుకోండి, స్వింగ్ ఆర్మ్ కోణం మారింది కదా.

ఇంత చేసినా రెండు పాదాలూ నేలకి ఆనవు, ఆనాలని పట్టుబట్టకండి. ఒక పక్కకి జరిగి కూర్చుంటే ఒక పాదం ముందు సగం ఆనాలి, నాకు ఇప్పుడు అంతే ఆనుతుంది, దానితోనే ఏటవాలులో బండి ఆపుకోగలుగుతున్నాను. ఏ కాలు ఆనించాలో మాత్రం ముందే అలవాటు చేసుకోండి. మైకో, సీజెడ్ లాంటి పాత యూరప్ బండ్లకి కిక్ ఎడమవైపు ఉంటుంది, అవి తొక్కేవాళ్ళు కుడి కాలు మీద నిలబడాలి. స్టార్ట్ గేటు దగ్గర కాలి కింద చెక్క దిమ్మ పెట్టుకోవడానికి మొహమాట పడకండి, పొడుగువాళ్ళు కూడా పెట్టుకుంటారు.

బండితో వచ్చిన అసలు షాక్‌లు, తీసేసిన స్ప్రింగులు, పాత సీటు అన్నీ నూనె రాసి గుడ్డలో చుట్టి అటక మీద దాచాను. నా తర్వాత ఈ బండి ఆరడుగుల మనిషి చేతికి వెళ్ళినా ఒక్క పూటలో 1979లో ఎలా ఉందో అలా చేసుకోవచ్చు. ఫ్రేమ్ కోసి ఉంటే ఆ అవకాశం ఉండేది కాదు.