లేసు పార్సిళ్ల మీద ఫ్రమ్ అడ్రసు గురించి

చి. సౌ. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన శాంపిల్ పార్సిల్ అందింది. లేసు పని కళ్లకద్దుకునేలా ఉంది. కానీ ఫ్రమ్ అడ్రసు దగ్గర షాపు పేరు, ఫోన్ నంబరు తప్ప ఏమీ లేవమ్మా. అందుకే ఈ ఉత్తరం.

పంపినవన్నీ చేరవు. కొన్నవాళ్లు షాపు మారిపోతారు, తాళం వేసుకుని పోతారు, ఒక్కోసారి వద్దు పొమ్మంటారు. అప్పుడు పోస్టాఫీసువాళ్లు వెతికేది నీ అడ్రసే. అది లేకపోతే సరుకు రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకి పోతుంది. పంపిందెవరో తెలుసుకోవడానికి అక్కడ కవరు విప్పుతారు. నెలల తరబడి ఆడవాళ్లు కళ్లు పోగొట్టుకుని అల్లిన బల్లగుడ్డలు అలా తిరగడం నాకు ఇష్టం లేదు. లోపల బిల్లు మీద కూడా పూర్తి అడ్రసు ఉండాలి. పైది చెరిగిపోయినా అది పనికొస్తుంది.

ఏ అడ్రసు వేయాలన్నది అసలు విషయం. నీ ఇల్లు సఖినేటిపల్లిలో, షాపు గోదావరి మీద పంటు, అంటే మనుషుల్ని దాటించే పడవ, దాటితే నరసాపురంలో. ఇల్లు కోనసీమ జిల్లా, పిన్ 533తో మొదలవుతుంది. షాపు పశ్చిమ గోదావరి, 534. ఊరు ఒక ఒడ్డుది, పిన్ రెండో ఒడ్డుది వేశావంటే తిరిగొచ్చే పార్సిల్ నది చుట్టూ తిరుగుతుంది. షాపు అడ్రసే వెయ్యి. పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకి మనిషి ఉండేది అక్కడే. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు) వచ్చాక ఆ ఊరి పేరు కవరు మీద కనిపించడమూ మంచిదే. వరదలకి పంటు ఆపేస్తే నువ్వు రాలేవు కదా. నీ తరఫున తీసుకోవడానికి షాపులో అమ్మాయికి అధికారం ఇస్తున్నట్టు పోస్టాఫీసులో ముందే రాసిచ్చి పెట్టు.

ఇంట్లో పాత రబ్బరు స్టాంపు మీద ఇంకా తూర్పు గోదావరి జిల్లా అనే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. దాన్ని తీసి పక్కన పెట్టెయ్. ఎలాగూ స్టాంపు సిరా వానకి కరిగి పోతుంది. ప్రింటు తీసిన లేబుల్ ముందువైపు ఎడమ పక్కన అంటించి పైన టేపు వెయ్యి. వెనక మడత మీద వేస్తే టేపు కింద పడి నలిగిపోతుంది.

బాకీ నోటీసుల సంగతి వేరే. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి కౌంటర్లో రిజిస్ట్రేషన్ కావాలని నోరు తెరిచి అడుగు. సరైన అడ్రసుకి రిజిస్ట్రేషన్‌తో పంపితే, అందలేదని అవతలివాళ్లు రుజువు చేసేదాకా అందినట్టే భావిస్తుంది 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్. చెక్కు బౌన్సయితే ఆ సంగతి బ్యాంకు నీకు తెలిపిన నాటి నుంచి 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి, ఆలస్యం చేయకు. అది "తీసుకోలేదు" అని తిరిగొస్తే ఆ కవరు చింపొద్దు. పోస్ట్‌మ్యాన్ రాసిన మాట, తేదీ, నీ ఫ్రమ్ అడ్రసు అన్నీ దాని మీదే ఉంటాయి. రసీదు గుచ్చి అలాగే లాయరుగారికి ఇవ్వు.

కొత్త లేబుల్ అచ్చుకి ఇచ్చే ముందు నాకు ఒకటి ఫోటో తీసి పంపు, పిన్ సరిచూసి చెప్తాను.

పెదనాన్న