యుద్ధంలో అంబులెన్స్ నడిపితే ప్రాణానికి భయం లేదా?

సైనికుడికున్నంత ప్రమాదం అంబులెన్స్ డ్రైవర్‌కి ఉండదు కదా అని అడిగారు. 1937లో ఇంగ్లండ్‌లో ఒక తల్లి కూడా అలాగే అనుకుని కొడుకుని పంపింది. అతని పేరు జూలియన్ బెల్.

ముందు నా సంగతి. నేను ఆరేళ్లు 108లో పైలట్‌గా చేశాను (డ్రైవర్‌ని మా దగ్గర అలాగే అంటారు). నిజానికి ఆర్మీ ర్యాలీకి వెళ్దామనుకున్నాను. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అంబులెన్స్ అనగానే "అది పుణ్యం రా" అని ఒప్పుకుంది. చేరిన రెండో నెల, రాత్రిపూట హైవే పక్కన స్ట్రెచర్ దింపుతుంటే ఓ లారీ మా బండిని రాసుకుంటూ పోయింది. సైడు అద్దం ఊడింది, అంతే. ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

మా అక్కావాళ్లు ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఉంటారు. వెళ్లినప్పుడు దగ్గర్లోని చార్ల్‌స్టన్ అనే పాత ఇల్లు చూపించారు. జూలియన్ పెరిగింది అక్కడే. వాళ్లమ్మ వనెస్సా బెల్ చిత్రకారిణి. తలుపులు, బల్లలు, గోడలు దేన్నీ వదలకుండా రంగులేశారు. వాళ్లు 1916లో ఆ ఇంటికి మారింది కూడా యుద్ధం వల్లే, మొదటి ప్రపంచ యుద్ధం. సైన్యంలో చేరేది లేదని తెగేసి చెప్పిన ఇద్దరు స్నేహితులు, జైలు తప్పించుకోవాలంటే పొలం పని చెయ్యాల్సి వచ్చింది. అలాంటి ఇంట్లో పెరిగినవాడు యుద్ధానికి పోతానన్నాడు!

చైనాలోని వుహాన్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ పాఠాలు చెబుతున్న జూలియన్, 1937లో ఆ ఉద్యోగం వదిలి తిరిగొచ్చాడు. స్పెయిన్‌లో జనరల్ ఫ్రాంకో తిరుగుబాటు మీద ప్రభుత్వం తరఫున తుపాకీ పట్టాలని అతని కోరిక. తల్లి, పిన్ని, రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ ఎంత చెప్పినా వినలేదు. చివరికి మధ్యేమార్గంగా బ్రిటిష్ వైద్య బృందంలో అంబులెన్స్ డ్రైవర్‌గా జూన్‌లో బయల్దేరాడు.

జులై 6న మాడ్రిడ్‌కి పడమరగా బ్రూనెటే యుద్ధం మొదలైంది. మండుటెండ, పైన విమానాలు. ఇక్కడే మీ ప్రశ్నకి జవాబుంది. గాయపడినవాళ్లు ఎక్కడుంటే బండి అక్కడికి పోవాలి. ఒక్కసారి పోతే సరిపోదు, అదే రోడ్డు మీద రోజంతా తిరగాలి. సైనికుడైతే గోతిలో దూరి తల దాచుకుంటాడు. అంత పెద్ద బండిని ఎక్కడ దాస్తాం?

జులై 18న జూలియన్ ఛాతీలో బాంబు ముక్క దిగింది. మాడ్రిడ్ దగ్గర్లోని ఎస్కోరియల్‌లో ఉన్న ఆస్పత్రికి తెచ్చారు. ఎవరిని ముందు చూడాలో అక్కడ వేరుచేసే పనిలో ఆర్చీ కోక్రేన్ అనే కుర్ర వైద్య విద్యార్థి ఉన్నాడు (వైద్య పరిశోధనల్ని సమీక్షించే ఇవాళ్టి కోక్రేన్ సంస్థకి ఆయన పేరే పెట్టారు). చూడగానే ఇక లాభం లేదని అతనికి అర్థమైపోయింది. జూలియన్ ఆ రోజే చనిపోయాడు. 29 ఏళ్లు. ఇల్లు వదిలి రెండు నెలలు కూడా కాలేదు.

చార్ల్‌స్టన్ తోటలో ఉండగా అక్క అమ్మకి వీడియో కాల్ చేసింది. "ఎవరి ఇల్లే అది, ఇన్ని పూలున్నాయి?" అంది అమ్మ. అక్క నా వైపు చూసింది. ఎవరో పెయింటర్‌దిలే అమ్మా, అన్నాను.