సంతకం పెడుతూనే "ఈ సెక్షన్ పాటించను" అని అమెరికా అధ్యక్షుడు అనొచ్చా?

అనొచ్చు. కానీ అన్నంత మాత్రాన ఆ సెక్షన్ రద్దయిపోదు. బిల్లుపై సంతకం చేస్తూ అధ్యక్షుడు విడిగా ఇచ్చే ప్రకటననే సైనింగ్ స్టేట్‌మెంట్ అంటారు. అది చట్టంలో భాగం కాదు. చాలాసార్లు అందులో ఉండేది మెచ్చుకోళ్లే.

అసలు పేచీ ఎక్కడో 2005లో స్పష్టంగా కనిపించింది. అమెరికా నిర్బంధంలో ఉన్న ఖైదీలను క్రూరంగా హింసించకూడదంటూ సెనేటర్ జాన్ మెకెయిన్ ఒక సవరణ తెచ్చారు. వియత్నాంలో ఐదేళ్లకు పైగా బందీగా ఉండి, ఆ హింసను ఒంటి మీద అనుభవించిన మనిషి ఆయన. సెనేట్‌లో 90 మంది అనుకూలం, 9 మంది వ్యతిరేకం. డిసెంబర్ 30న అప్పటి అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం పెట్టారు. పెడుతూనే, సర్వసైన్యాధ్యక్షుడిగా తనకున్న అధికారాలకు తగ్గట్టే దాన్ని అన్వయించుకుంటానని రాశారు. అంటే, అవసరమైతే పక్కన పెట్టేందుకు సందు ఉంచుకున్నారు.

నా దృష్టిలో ఇది తప్పు. రాజ్యాంగం దారి చూపించింది: బిల్లు నచ్చితే సంతకం పెట్టాలి, నచ్చకపోతే అభ్యంతరాలు రాసి వెనక్కి పంపాలి. బిల్లులో నచ్చని ముక్కను కొట్టేసే అధికారాన్ని 1996లో కాంగ్రెసే (అమెరికా పార్లమెంటు) అధ్యక్షుడికి చట్టం చేసి ఇచ్చినా, 1998లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చట్టం ద్వారా ఇచ్చినా చెల్లని అధికారం ఒక ప్రకటనతో ఎలా వస్తుంది?

చిక్కేమిటంటే, కోర్టుకెళ్లాలంటే నష్టపోయినవారు ఉండాలి. రహస్య జైల్లో ఏం జరిగిందో బయటికే రాకపోతే కేసు ఎవరు వేస్తారు?